మూరెడు గుట్ట



రెండు నెలలుగా ఈ పుటలో నేను ఏమీ వ్రాయలేదు. యతిమైత్రి మీద మొదలుపెట్టిన వ్యాసం సగంలో నిలిచిపోయిందేమని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆరోగ్యం బాగుందా అని మరొకరు ఆందోళనపడ్డారు. బాగానే ఉన్నాను. జాప్యానికి కారణం చెబితే నవ్వుకుంటారేమో గాని, ఈ రెండు నెలలూ నేను ఒక గుట్టను చేస్తూ కూర్చున్నాను. "ఉద్యోగం అయ్యాక రామకోటి వ్రాస్తారనుకుంటే రాళ్ళకోటి మొదలుపెట్టారు" అని మా ఇంటావిడ వ్యాఖ్యానం.

సంగతి ఏమిటంటే, నేను ఉద్యోగంలో చేరిన మొదటి బడి కరీంనగరం జిల్లాలో ఒక పల్లెలోది. 1983లో చేరాను. బడి వెనుక ఒక గుట్ట. పుస్తకాల భాష అలవాటైన నేను మొదట్లో 'కొండ' అనేవాణ్ణి. పిల్లలు నవ్వి "గుట్ట సార్" అని దిద్దారు. అప్పటినుంచి నాకూ అది గుట్టే. ఆ పిల్లల్లో 1991లో పదవ తరగతి ముగించినవాళ్ళు మొన్న 2024 డిసెంబరులో బడిలో కలుసుకోవాలని సంకల్పించారు. అందులో ఒకడు వడ్రంగి. మంచి పనివాడు. పాత బడిని కర్రతో చిన్న నమూనాగా చేశాడు. అక్టోబరులో ఒకనాటి సాయంత్రం నాకు ఫోను చేసి, "సార్, బడి అయితే చేసిన. గుట్ట లేకుంటే అది మన బడి లెక్క కొడ్తలేదు. నాతోని అయితలేదు. మీరు బోర్డు మీద బొమ్మలు మంచిగ గీస్తుంటిరి గద, మీరే చెయ్యాలె" అన్నాడు. కాదనలేకపోయాను. ఎందుకు కాదనలేకపోయానో తరువాత చెబుతాను.

అతడు అయిదడుగులకు ఒక అంగుళం చొప్పున బడిని కుదించాడు. అంటే అరవయ్యో వంతు. పన్నెండడుగుల గది గోడ రెండు అంగుళాల పైచిలుకు అయింది. మనిషి అంగుళం. గుట్ట ఎత్తు నాకు తెలుసు. 1988లో మా లెక్కల మాస్టారు త్రికోణమితి పాఠానికి పిల్లల చేతనే దాన్ని కొలిపించారు. ఇంచుమించు తొంభై అడుగులని తేలింది. తొంభై అడుగులకు పద్ధెనిమిది అంగుళాలు. సరిగ్గా మూరెడు. మూరెడు గుట్ట చేయడానికి ఎన్నాళ్ళు పడుతుంది, నాలుగు రోజులు చాలదా అనుకున్నాను.

మొదటి గుట్ట థర్మోకోలుతో చేశాను. పలకలు అతికించి, కత్తితో చెక్కి, రంగుల దుకాణంలో డబ్బా స్ప్రే కొని తెచ్చి కొట్టాను. నా కళ్ళముందే గుట్ట కరగడం మొదలుపెట్టింది. చిన్న చిన్న గుంటలు పడి, అవి పెద్దవై, పావుగంటలో శిఖరం కూలిపోయింది. ఆ రంగులోని ద్రావకం థర్మోకోలును తినేస్తుందని మా మనుమడు తరువాత చెప్పాడు. ముందే చెప్పవచ్చును గదా అంటే, "నువ్వు అడగలేదు తాతయ్యా" అన్నాడు. దానికి నీటితో కలిపే రంగులే వాడాలట, కుంచెతోనే వేయాలట.

రెండవది ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో. గిన్నెలో పొడి పోసి దాని మీద నీళ్ళు పోశాను. అది తలక్రిందుల పని. నీళ్ళలోకి పొడిని కొంచెం కొంచెంగా చల్లుకుంటూ పోవాలి, నీళ్ళు ఒక పాలు, పొడి రెండు పాళ్ళు. నేను చేసినది ఉండలు కట్టి, వేడెక్కి, గరిటెతో సహా గిన్నెలోనే బిగిసిపోయింది. ఇంటావిడ ఆ గిన్నెను ఇప్పటికీ సాక్ష్యంగా దాచి ఉంచింది. తరువాత పద్ధతి తెలిసింది. నలిపిన అల్యూమినియం కాగితాన్ని కొంచెం విప్పి అచ్చుగా పెట్టి, అందులో పలుచని ప్లాస్టరు పోస్తే, ఆరిన తరువాత రాతి ముఖం లాంటిదే వస్తుంది. అలాంటివి ముప్ఫయి చేసి, పేర్చి, బూడిదరంగు పూసి చూసుకున్నాను. ఎవరైనా చూస్తే రాళ్ళ కుప్ప అంటారు. మా గుట్ట అని మాత్రం అనరు. పెళ్ళివారి లడ్డూల గంపలాగా ఉంది.

నాతోపాటు ఆ బడిలో సాంఘికశాస్త్రం చెప్పిన మిత్రుడు ఒకరు దగ్గరలోనే ఉన్నారు. ఆయనకు రాళ్ళంటే ప్రాణం. నా లడ్డూలను చూసి, "పంతులుగారూ, మీరు రాళ్ళు చేశారు గాని రాయి విరిగే తీరు చేయలేదు" అన్నారు. మరునాడు తన స్కూటరు మీద ఎక్కించుకొని, ఇంకా మిగిలి ఉన్న ఒక గుట్ట దగ్గరికి తీసుకుపోయారు. అరవై దాటిన ఇద్దరం ముళ్ళకంపలు తప్పించుకుంటూ సగం దాకా ఎక్కాము.

అక్కడ ఆయన చెప్పిన పాఠం ఇది. మన ప్రాంతపు ఈ నల్లరాయి, ఎర్రరాయి ఇంచుమించు రెండు వందల యాభై కోట్ల సంవత్సరాల నాటిది. భూమి లోపల లోతున కరిగి, మెల్లగా చల్లారి గట్టిపడింది. పైన ఉన్న బరువు యుగాల మీద కోసుకొని పోగా, ఒత్తిడి తగ్గి రాయి బీటలు వారింది. నిలువు బీటలు, అడ్డ బీటలు. ఆయన వాటిని 'జాయింట్లు' అన్నాడు. నాకు 'సంధులు' అని వినపడింది. మా వ్యాకరణంలో సంధి రెండింటిని కలిపేది. రాతిలో సంధి విడిపోయే చోటు. ఆ సంధుల్లోకి నీరు దిగుతుంది. నీరు రాతిని మెత్తబరుస్తుంది. ముఖం మీద ఒక వైపునుంచే నీరు తాకితే, అంచు మీద రెండు వైపులనుంచి, మూల మీద మూడు వైపులనుంచి తాకుతుంది. అందువల్ల మూలలు ముందు అరుగుతాయి. చతురస్రంగా ఉన్న దిమ్మ క్రమంగా గుండు అవుతుంది. మెత్తబడిన మట్టి వానలకు కొట్టుకుపోతే గుండ్లు ఒకదాని మీద ఒకటి నిలిచి కనబడతాయి. ఎవరో ఎత్తి పేర్చినట్లుంటాయి గాని ఎవరూ పేర్చలేదు. అవి మొదటినుంచీ అక్కడే ఉన్నాయి. చుట్టూ ఉన్నది పోయింది, అంతే.

ఏళ్ళ తరబడి ఆ గుట్ట నీడలో పాఠాలు చెప్పి కూడా, భీముడో రాక్షసుడో పేర్చాడని పిల్లలకు కథ చెప్పిన వాణ్ణే గాని, గుండు ఎందుకు గుండ్రంగా ఉందని నేను ఒక్కనాడూ అడగలేదు.

రాతి జాతినిబట్టి ఈ వ్యాకరణం మారుతుందట. గండికోటలో పెన్న కోసిన లోయ చూసినవారికి తెలుసు. అక్కడి రాయి పొరలు పొరలుగా ఉంటుంది, అంచులు పదునుగా విరుగుతాయి. దాన్ని చేయాలంటే అట్టముక్కలు దొంతరగా పేర్చి అంచులు తుంచితే చాలు. అదే పద్ధతిలో మా గుట్టను చేస్తే తప్పు. మా గుట్టకు ముందు దిమ్మలు కోయాలి, తరువాత మూలలు అరగదీయాలి.

మూడవసారి అలాగే చేశాను. థర్మోకోలు దిమ్మ మీద ముందుగా బీటల గీతలు గీసి, ఆ గీతల వెంట కోసి, ముక్కలకు అంకెలు వేశాను. ఒక్కొక్క ముక్కకు మూలలు గీకి, మళ్ళీ దాని స్థానంలో దాన్నే పెట్టాను. ప్రక్క ప్రక్క గుండ్ల బీటలు ఒకే వరుసలో కనబడడం మొదలైంది. అది చాలు, లడ్డూల గంప గుట్ట అయింది. కొన్ని గుండ్ల మీద ఉల్లిపొరలా రాయి లేచి ఉంటుంది. అక్కడ పలుచని అట్ట అతికించాను.

పై తోలుకు ప్లాస్టరు వాడలేదు. బెజవాడలో మా చెల్లెలి ఇంటికి పోయినప్పుడల్లా కొండపల్లికి పోయి బొమ్మల పని చూడడం నాకు అలవాటు. అక్కడివారు తెల్లపొణికి కర్రతో బొమ్మను ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. దాన్ని మక్కు అంటారు. నేను చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించాను. జల్లించిన రంపపుపొట్టు మా వడ్రంగి శిష్యుడే పంపాడు. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. థర్మోకోలు మీద మొదట పాత పత్రికల కాగితం గంజితో అంటించి, దాని మీద మక్కు మెత్తాను. అది సగం ఆరినప్పుడు, నలిపిన అల్యూమినియం కాగితపు ఉండతో మెల్లగా అద్దుకుంటూ పోతే రాతి గరుకు వచ్చింది. ఇసుక చల్లకూడదు. అరవయ్యో వంతు లోకంలో ఒక మిల్లీమీటరు ఇసుకరేణువు ఆరు సెంటీమీటర్ల రాయి అవుతుంది. నేల కోసం వాడిన టీపొడిని ఎండబెట్టి, పలుచని గుడ్డలో జల్లించి వాడాను.

రంగు దగ్గర మరొక పాఠం. రాయి అంటే బూడిదరంగు అనుకుంటాము. నిజమైన రాయిని చూస్తే తేనెరంగు, ఇటుకరంగు, తెలుపు, గులాబి కలగలిసి ఉంటాయి. వాననీరు జారే దారుల్లో నాచు ఎండి నల్లని చారలు. బీటల్లోకి నీళ్ళవంటి నల్లరంగు పారించి, ఆరిన తరువాత ఇంచుమించు పొడిగా ఉన్న కుంచెతో ఎత్తైన చోట్ల మాత్రం లేతరంగు రాయాలి. చిన్న వస్తువు మీద వెలుగునీడలు తమంత తాము పడవు, మనమే వేయాలి.

ఇంతవరకు పని. ఇక చేతికి సంబంధించని కష్టం చెబుతాను.

గుట్టకు ఒక్క ఫోటో లేదు. దాన్ని ఫోటో తీయాలని ఎవరికి తోస్తుంది? అది ఎక్కడికి పోతుంది గనుక? చివరకు దొరికినవి పదవ తరగతి వీడ్కోలు ఫోటోలు. ఏటేటా బడి ముందర బెంచీలు వేసి, గుట్టకు వీపు పెట్టి కూర్చునేవాళ్ళం. పిల్లల తలల పైన గుట్ట ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. శిష్యులు ఇరవై దాకా ఫోటోలు పంపారు. ఒకదానిలో ఎడమ భుజం, ఒకదానిలో ఏనుగు గుండు, ఒకదానిలో దొన పైనున్న చట్రాయి. వేసవి మొదట్లో కూడా ఆ దొనలో నీళ్ళుండేవి. అన్నింటినీ సంవత్సరాల వరుసలో బల్ల మీద పరచుకున్నాను. 1984 నుంచి 1996 దాకా గుట్ట ఒకటే. 1997 ఫోటోలో ఏనుగు గుండు లేదు. 1999లో కుడి అంచు నిలువుగా కోసినట్లుంది. నేను 1999లో బదిలీ అయి, 2005లో మళ్ళీ అదే బడికి వచ్చాను. 2006 ఫోటోలో పిల్లల తలల వెనుక సగం ఆకాశమే. 2010 ఫోటోలో అంతా ఆకాశం.

గ్రానైటు క్వారీ అది. మా ప్రాంతపు గోధుమరంగు రాయికి విదేశాల్లో గిరాకీ. మొదట విడిగా ఉన్న గుండ్లను తీసుకుపోయారు, అవి సులువు గనుక. తరువాత వరుసగా రంధ్రాలు తొలిచి, వజ్రపు తీగ రంపాలతో దిమ్మలు దిమ్మలుగా కోశారు. లారీల మీద రైలు దాకా, రైలులో కాకినాడ రేవు దాకా. గుట్ట ఉన్నచోట ఇప్పుడు లోతైన నీళ్ళ గుంట ఉంది.

నేను తిరిగి వచ్చిన 2005లో మొదటి రోజు ఎనిమిదవ తరగతి పిల్లవాణ్ణి లేపి పద్యం చదవమన్నాను. చదివాడు. ఏదో లోటు తోచింది. పిల్లవాడి తప్పు కాదు, యతిప్రాసలు సరిగానే ఉన్నాయి. కాసేపటికి తెలిసింది. పూర్వం కిటికీ తెరిచి గట్టిగా పద్యం చదివితే పాదాంతంలో చివరి అక్షరాలను గుట్ట తిరిగి చెప్పేది. పిల్లలు దానికోసమే గొంతెత్తి చదివేవాళ్ళు. గుట్ట పోయిందని కళ్ళు చెప్పినప్పుడు నమ్మినదానికంటె, చెవి చెప్పినప్పుడు ఎక్కువగా నమ్మాను.

వడ్రంగి శిష్యుణ్ణి ఎందుకు కాదనలేకపోయానో ఇప్పుడు చెప్పాలి. 1998లో ఆ క్వారీ యజమాని మా బడికి రెండు గదులు, ప్రహరీగోడ కట్టించి ఇచ్చాడు. అంతకుముందు రెండు తరగతులు చెట్టు క్రింద జరిగేవి. వాన వస్తే సెలవు. ప్రారంభోత్సవానికి అభినందన పద్యాలు వ్రాయమని ప్రధానోపాధ్యాయులు నన్ను అడిగారు. నేను తెలుగు పండితుణ్ణి గదా. అయిదు పద్యాలు వ్రాశాను. దాతను మేరుపర్వతంతో పోల్చాను. అప్పటికి ఏనుగు గుండు పోయి సంవత్సరం దాటింది. నేను పద్యాలు చదువుతుండగానే గుట్ట వెనుక డ్రిల్లు మోగుతూనే ఉంది. దాత సంతోషించి శాలువా కప్పాడు. గుట్టను కోస్తున్నవాణ్ణి పర్వతంతో పోల్చడంలోని అనౌచిత్యం అలంకారశాస్త్రం చదివిన నాకు తోచలేదు. నిజం చెప్పాలంటే తోచింది. సభలో చప్పట్లు వినగానే పోయింది. దీన్ని ఇంతవరకు నేనెవరికీ చెప్పలేదు.

ఫోటోలన్నీ ముందర పెట్టుకొని కూర్చున్నప్పుడు, ఏ సంవత్సరపు గుట్టను చేయాలన్న ప్రశ్న వచ్చింది. 1991 వాళ్ళు అడిగారు గనుక నిండు గుట్టనే చేయాలి. అది న్యాయం. చేశాను కూడా. కాని బడి వైపు ముఖం పూర్తయి, వెనుక ముఖం మొదలుపెట్టే నాటికి నా మనసు ఒప్పుకోలేదు. నిండు గుట్టను మాత్రమే చూపి ఊరుకుంటే అది ఆరవ పద్యం అవుతుంది. అందుచేత వెనుక ముఖాన్ని నిలువుగా కోసివేశాను. మెట్లు మెట్లుగా, నున్నగా. కోతమీద డ్రిల్లు రంధ్రాల సగం గాళ్ళు వరుసగా నిలువుగీతలై కనబడతాయి. వాటిని సూదిమొనతో గీశాను. నిండు ముఖానికి ముప్ఫయి రోజులు పట్టింది. కోసిన ముఖానికి ఒక్క పూట.

డిసెంబరులో నమూనాను బడిలో బల్ల మీద పెట్టారు. ముందు కర్ర బడి, వెనుక మక్కు గుట్ట. వచ్చినవాళ్ళు నలభై, నలభై అయిదేళ్ళ ప్రాయానికి మించినవాళ్ళు, పిల్లలైపోయారు. "ఏనుగు గుండు! ఆడనే నేను జారిపడ్డ", "దొన ఏదిరా, ఆ, గిదే" అని వేళ్ళతో ఎక్కుతున్నారు. తరువాతి తరగతులవాళ్ళు కూడా కొందరు వచ్చారు. అందులో ఒకడు బల్ల చుట్టూ తిరిగి వెనుకవైపు నిలబడి చాలాసేపు చూశాడు. వీడికి కోపం వచ్చిందేమో, సంతోషసమయంలో ఇది ఎందుకు చూపించావని అడుగుతాడేమో అనుకున్నాను.

"సార్, ఈ గీతలు మా నాయిన కొట్టినయి" అన్నాడు. "డ్రిల్లు మీద పని చేసిండు తొమ్మిదేండ్లు. దుమ్ముకు దగ్గొచ్చి మానిండు. ఇప్పుడు లేడు. ఆ కూలితోనే నేను డిగ్రీ చదివిన." కోతముఖం మీద వ్రేలు పెట్టి, ఒక గీత వెంట పైనుంచి క్రిందికి మెల్లగా జార్చాడు. "మంచిగ చేసిన్రు సార్, సాఫుగ. మా నాయిన గిట్లనే కొడుతుండె, వంకర రాకుంట."

నేను ఏమీ అనలేకపోయాను. ఆ ముఖాన్ని నేను ఒక నేరంగా చెక్కాను. వాడు దానిలో తండ్రి పనితనాన్ని చూశాడు. రెండూ ఆ రాతిమీదే ఉన్నాయి.

భోజనాలకు ముందు ఎవరో లేచి, "మన సార్ వ్రాసిన పద్యం" అంటూ ఆ అయిదింటిలో నాలుగవ పద్యం అప్పజెప్పారు. 1998లో చిన్న తరగతిలో ఉండి నేర్చుకున్నదట. ఒక్క అక్షరం తప్పలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి, పద్యం బాగా చదివావమ్మా అని, ఛందస్సు సరిపోయింది గాని ఉపమానం తప్పు, ఆ తప్పు నాది అని మాత్రం చెప్పి కూర్చున్నాను. ఎంతమందికి అర్థమైందో తెలియదు. అర్థమైన ఒకరిద్దరు బల్లవైపు చూశారు.

నమూనా ఇప్పుడు బడిలోనే, ఆ దాత కట్టించిన గదిలోనే ఉంది. గోడ మూలకు జరిపితే వెనుక ముఖం కనబడదని, గది నడుమ ఉంచమని వడ్రంగి శిష్యుడితో గట్టిగా చెప్పి వచ్చాను. వాడు చక్రాల బల్ల చేసి పెట్టాడు.

యతిమైత్రి వ్యాసం వచ్చే వారంనుంచి మళ్ళీ సాగిస్తాను. మీ ఇంటి పిల్లలెవరికైనా గుట్టలు చేసే సరదా ఉంటే, మక్కు పాళ్ళు అడగండి, వ్రాస్తాను. మీ ఊరి వెనుక గుట్ట ఇంకా ఉంటే మాత్రం, ఈ ఆదివారం పోయి, దానికి ఎదురుగా నిలబడి ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

స్వస్తి.